ఉక్కపోత పరీక్ష

హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే కార్ఖానా. ఆవిరి గది గుమ్మంలో ఇస్త్రీ పనివాడు, మేస్త్రీ. లోపల నేల మీద స్పృహ తప్పి పనివాడి పెళ్ళాం.

“మొహాన నీళ్ళు కొట్టావా?”

“కొట్టానండీ. కళ్ళు తెరవట్లేదు. చెమట కూడా ఆగిపోయింది మేస్త్రీగారూ, ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆ దుప్పట్లు మడతపెట్టే గదిలో కాసేపు పడుకోబెట్టనివ్వండి.”

“అది మావాళ్ళ గది.”

“చల్లగా ఉందండీ అక్కడ.”

“ఉంటుంది. మావాళ్ళు ఉక్కకి ఆగలేరని ఏసీ పెట్టారు. మీ జాతికి అలవాటే. ఉక్కలో పుట్టారు, ఉక్కలో పెరిగారు.”

“మీవాళ్ళు ఏసీలో పుట్టారాండీ?”

“నోరు జాగ్రత్త.”

“తప్పయిపోయింది. ఫ్యాన్లు తీసేసి పది రోజులైంది. మొన్న మా బావమరిది పడిపోయాడు, ఇవాళ నా పెళ్ళాం...”

“నేను తీశానా ఫ్యాన్లు? ఉక్కకి ఎంత ఓర్చుకుంటారో పరీక్ష చేసినాయన రాసిచ్చాడు.”

“ఏం పరీక్షండీ అది! ఎలా ఉందని అడిగాడు. బాగోలేదంటే పనిలోంచి పీకేస్తారని అందరం బాగుందన్నాం.”

“నోటిమాట ఎవరు నమ్మారయ్యా? నిలబెట్టి చూశారుగా. మీ ముప్పైమందిలో రెండు గంటలు ఆవిరిలో నిలబడి, ‘హాయిగా ఉంది’ అన్నది ఎవరు? నీ పెళ్ళామే! ఆవిణ్ణి చూసే రాశాడు, మీ జాతికి ఫ్యాను దండగని.”

“దండం పెడతాను. తలుపు తియ్యండి.”

“ఇవాళ ఒకర్ని రానిస్తే రేపు ముప్పైమందీ వచ్చి కూర్చుంటారు.”

“ఒక్క మనిషండీ. ఒక్క మనిషి.”

“డాక్టరుకి కబురు పెట్టాను.”

“ఎప్పుడొస్తాడు?”

“వస్తాడు.”

“ఎప్పుడండీ?”

“వస్తాడన్నానుగా! ఏంటా ఏడుపు? చెయ్యి వదులు.”

“మేస్త్రీగారూ... చెప్పనని దానికి ఒట్టేశాను. తెలిస్తే మావాళ్ళు ఇంట్లో ఉండనివ్వరు, మీవాళ్ళు ఊళ్ళో ఉండనివ్వరు అంది.”

“ఏం తెలిస్తే?”

“ఆ రోజు అది హాయిగా ఉండి నిలబడలేదండీ. పళ్ళు బిగబట్టి నిలబడింది. అందరికన్నా ముందు కూలబడితే దొరికిపోతానని.”

“దొరికిపోవడమేంటి?”

“అది మా మనిషి కాదండీ. మీ జాతే.”