నోట పలకని పేరు

1944. చిత్తూరు. సంతోషమ్మ చంటివాడికి వచ్చే ఆదివారం బాప్తిస్మం. పేరు కనుక్కుని పోదామని పాస్టరుగారు వచ్చేసరికి, చంద్రగిరి నుంచి దిగిన అత్త తిరుమలమ్మ ఇంకా అరుగు మీదే ఉంది. సంతోషమ్మ కళ్ళు మాత్రం అత్త ఒళ్ళో ఉన్న మూట మీద ఉన్నాయి.

"లోపలికి రా అత్తా, ఎండ."

"రాను. ముందు పేరు తేలనీ. తేలకపోతే బొగ్గుబస్సెక్కి ఇట్నించి ఇట్టే పోతాను."

"వచ్చినప్పట్నించి బిడ్డనైనా ఎత్తుకోలేదే?"

"ఎత్తుకుంటే పోబుద్ధి కాదు మే. అందుకే ఎత్తుకోలేదు. సామీ, నువ్వు సెప్పు. ఏం పేరు పెడతా ఉండావు?"

"నన్ను సామీ అనకండి పెద్దమ్మగారూ, నేను పాస్టరునండి. మా సంఘంలో బైబిలు పేరే పెట్టాలండి. హబక్కూకు అని మంచి ప్రవక్త ఉన్నాడు."

"కోడి కూసినట్టుండాదే!"

"పోనీ, జెబూలూను?"

"అదేం జబ్బు?"

"జబ్బు కాదండీ, యాకోబు కొడుకు..."

"ఎవురి కొడుకైతే నాకేంది! నా కొడుక్కి ధనంజయ అని పెట్టుకుంటే మీరు దానియేలు అంటిరి. మూడేండ్లు ఈ గడప తొక్కలేదు నేను. సరే, పోనీలే అనుకుని వస్తి. మనవడికి మాత్రం తాత పేరే పెట్టాల. మా వంశంలో అది తప్పలేదు."

"తాతగారి పేరేమిటండీ?"

"నన్నడుగుతావా!"

"మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగమంటారు?"

"మొగుని పేరు ఆడది నోటితో పలుకుతాదా సామీ? ఆయన ఉన్నప్పుడూ పలకలేదు, పోయినాకా పలకలేదు. గాజులు గలగలమనిపిస్తే తిరిగి సూసేవాడు. అంతే మా పిలుపు."

"సంతోషమ్మా, నువ్వు చెప్పమ్మా."

"అత్త ముందర మామ పేరు నేనెట్ట చెప్పేది అయ్యగారూ?"

"సరిపోయింది. దానియేలు ఏడీ?"

"మీరూ అత్తా ఒకేసారి వస్తా ఉండారని తెలిసి, పొద్దున్నే ఆస్పత్రికి డ్యూటీకి పోయినాడు."

"తెలివైనోడు. ఆ తప్పుకోవడంలో అచ్చం వాళ్ళ నాయనే."

"మరి నాకు తెలిసేదెలాగండీ?"

"మా ఇంటిదేవుడు అహోబిలం నరసింహసామి. ఆ సామి పేరే. కనుక్కో."

"నరసింహులా?"

"ఊఁహూఁ."

"నరసయ్య? నరసింగం?"

"ఏ ఊరు సామీ నీది?"

"ఒంగోలు వైపండి."

"అదీ సంగతి. మే, నువ్వన్నా కొంచెం దోవ సూపించు."

"అయ్యగారూ, ఎదురింట్లో మీ అంగీ కుట్టినాడే, ఆయన్ని ఏమని పిలుస్తారు?"

"ఓబులేసు."

"ఆఁ! నేను సెప్పలేదు, నా కోడలు సెప్పలేదు. నువ్వే సెప్పినావు!"

"ఓబులేసా! అయ్యో, అది నేను పెట్టలేనండీ."

"ఏం, ఎందుకు పెట్టలేవు? సరిగ్గా పలుకు. ఓబుల్... ఏసు. సివర మీ ఏసే గదా ఉండాడు!"

"అబ్బా, నవ్వించకండి పెద్దమ్మగారూ. చివర ఏసు ఉన్నా మొదట్లో అహోబిలం ఉంది కదండీ."

"అయితే సగం మీది, సగం మాది. తగువు తీరిపాయ."

"తీరదండీ. సంఘం పెద్దలు ఒప్పుకోరు."

"మే సంతోషా, బస్సు ఎప్పుడో కనుక్కో."

"కూర్చో అత్తా, కూర్చో. అయ్యగారూ... ఓబేదు అంటే?"

"ఓబేదు?"

"రూతు కొడుకు. బైబిల్లో ఉండాడు గదా?"

"ఉన్నాడమ్మా! దావీదు రాజుకు తాత! ఇంతమందికి పేర్లు పెట్టాను, ఆ పేరు ఒక్కరూ అడగలేదు. నీకెలా తట్టింది?"

"కడుపుతో ఉన్నప్పట్నించి ఎతుకుతా ఉండాను, మామ పేరు మాదిరి పలికే పేరు యాడైనా దొరుకుతుందా అని."

"ఓబేదా? అంటే ఏంది సామీ?"

"హెబ్రీ మాటండి. సేవ చేసేవాడు అని."

"నా మనవడు ఒకరికి ఊడిగం సేసేవాడా!"

"ఒకరికి కాదండీ, దేవుడికి."

"దాసు అని సెప్పు! రామదాసు, హరిదాసు మాదిరి. ఆ ముక్క ముందే అనుంటే అయిపోయేది గదా. ఈ రూతు ఎవురు మే?"

"ఒక కోడలు అత్తా. మొగుడు పోయినాడు. నీ పుట్టింటికి పో అని అత్త నయోమి ఎంత చెప్పినా పోలేదు. నీ జనమే నా జనం, నీ దేవుడే నా దేవుడు అని ఆమె ఎంటే వచ్చేసింది."

"అత్త దేవుడే కోడలి దేవుడా? అట్టయితే నువ్వు నాతో అహోబిలం రావాల!"

"అత్తా..."

"సామీ, ఏంది అట్ట దగ్గుతా ఉండావు? మే, ఆయనకు నీళ్ళియ్యి. ఊఁ, తరవాత?"

"ఆ అత్తే కోడలికి మళ్ళీ మనువు కుదిర్చింది. ఓబేదు పుట్టినాడు. ఇరుగుపొరుగు ఆడోళ్ళంతా వచ్చి, నయోమికి కొడుకు పుట్టినాడు అని వాళ్ళే పేరు పెట్టినారు."

"కన్నది కోడలైతే, కొడుకు అత్తకా?"

"పుస్తకంలో అట్టే ఉండాది. ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఆమే గదా... నాకూ అమ్మ లేదు అత్తా. వీడికి నీళ్ళు పోయాలంటే ఎట్ట పట్టుకోవాలో తెలీడం లేదు."

"ఊఁ."

"ఇంకోటి. ఇది మామ పేరు కాదు గదా. నువ్వు నోరారా పిలవచ్చు."

"...ఆ మూట లోపల పెట్టు. బిడ్డను ఇట్టియ్యి. తల, తల పట్టుకోవే! పేరు పెట్టింది ఆడోళ్ళంటివి గదా, పాదిరి కాదు గదా?"

"కాదు అత్తా."

"విన్నావా సామీ? ఆదివారం నీళ్ళు నువ్వు పోసుకో. పేరు నేనిప్పుడే పెడతా ఉండాను. ఓబేదూ... ఓబే... నోరు తిరగడం లేదు మే. ఓబులూ! ఒరే ఓబులేసూ! సూడు, ఎట్ట కండ్లు తెరిసినాడో!"

"పెద్దమ్మగారూ! మీరు ఆయన పేరు పలికేశారండీ!"

"నేను పిలిసింది నా మనవణ్ణి. మద్దెలో ఆయన గూడా పలికితే నేనేం సేసేది సామీ?"