రెండో బండికి చోటు

స్లొవేనియాలో ప్తూయ్ ఊరి చివర ఒక పెరట్లో, కారు వెనక తగిలించుకునే పాత చిన్న కారవాన్. శనివారం భోజనాలయ్యాక విన్కో అందులో మోకాళ్ళ మీద కూర్చుని డ్రిల్‌తో నేలకు బెజ్జాలు వేస్తున్నాడు. అతని భార్య సిల్వా కింద అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకుని, పైనుంచి దిగిన బోల్టులకు నట్టులు బిగిస్తోంది. మధ్యలో చెక్క. ఒకరికొకరు కనబడరు.

"మొన దిగిందా, సిల్వా?"

"దిగింది. కంట్లో పొట్టు పడింది."

"కళ్ళు మూసుకోమన్నానుగా."

"మూసుకుంటే దిగిందో లేదో ఎలా చెప్పను?"

"సరే, బోల్టు వదులుతున్నా. ముందు ఇనప పలక పెట్టు, తర్వాత నట్టు. పలక లేకపోతే ఒక్క కుదుపుకి బండి కట్టే కొక్కెం చెక్కతో సహా ఊడొస్తుంది."

"పెట్టాను. బిగించాను."

"ఇంకాస్త బిగించు."

"విన్కో, బిగించానన్నాను."

"అయితే ఎడమ పక్క అయిపోయింది. నా మోటారుసైకిల్ రేపు ఎక్కించినా కట్టేయొచ్చు. ఇక నీ బండి పక్క. కొంచెం కుడికి జరుగు."

"ఇక్కడ వంట గట్టు ఉండేది కదా."

"తీసేశాను. రెండు బళ్ళకీ చోటు కావద్దూ? వంట బయట చిన్న పొయ్యి మీద కానిచ్చేస్తాం. పడకలు గోడకి మడిచేలా చేస్తున్నా. దారిలో లోపల బళ్ళు. చేరాక బళ్ళు దింపేస్తే మనం."

"పక్కింటి యోజె నవ్వుతున్నాడు. బళ్ళు లోపల పడుకుంటే మీరిద్దరూ బయట గడ్డి మేస్తారా అన్నాడు."

"వాడి మొహం. వాడి కారవాన్ నిండా వాళ్ళావిడ పులియబెట్టిన క్యాబేజీ పీపాలే. అది చక్రాల మీద కదిలి ఎన్నేళ్ళయిందో."

"అదీ అన్నాడు. నాది కనీసం తిండానికి పనికొస్తోంది అన్నాడు."

"అననీ. ఇదంతా ఎవరి కోసం చేస్తున్నా? ఇక్కణ్ణుంచి కొండల దాకా పెద్ద రోడ్డు మీద నువ్వు బండి నడపక్కర్లేదు. కార్లో కూర్చో. కొండ కింద బళ్ళు దింపుకుని పైకి మాత్రం ఎక్కుదాం, మునుపట్లా ఇద్దరం. జూన్‌లో వస్తావుగా?"

"ఇంకో పలక ఏది?"

"నీ తల దగ్గర పెట్టాను. వస్తావా అని అడిగాను."

"ఒక్క బండే పెడితే ఏమవుతుంది?"

"ఎందుకలా?"

"ఊరికే. చెప్పు."

"ఒక్కటే ఓ పక్కన కడితే అటే ఒరుగుతుంది. మలుపులో కారుని కూడా లాక్కుపోతుంది. ఒక్కటే అయితే సరిగ్గా మధ్యలో కట్టాలి, ఇరుసుకి కాస్త ముందు. రెండుంటే చెరో పక్క. ఒకదాన్నొకటి చూసుకుంటాయి."

"చూసుకుంటాయా?"

"చూసుకుంటాయి. అవునూ, నీ బండి చూశావా? షెడ్డులో పెట్టాను."

"చూడలేదు."

"హ్యాండిల్ మార్పించాను. ట్యాంకు సొట్ట తీయించాను. అద్దం కూడా కొత్తది పెట్టించాను."

"పాడైంది నా బండి అద్దం కాదుగా."

"డ్రిల్ పెడుతున్నా. మొహం తిప్పుకో."

"తిప్పుకున్నా."

"ఎండ పడింది, సిల్వా. ఆ రోజు నా అద్దంలో ఎండ పడింది, నువ్వు పడిపోయింది కనబడలేదు. ఎన్నిసార్లు చెప్పను?"

"ఎండ ఒక మలుపులో అద్దంలో పడుతుంది. తర్వాతి మలుపులో మొహం మీద పడుతుంది. మలుపు మలుపుకీ అద్దం చూడాలని నేర్పింది నువ్వే. వెనక లైటు కనబడకపోతే ముందువాడు ఆగాలి. పెళ్ళికి ముందే నేర్పావు."

"వస్తున్నావనే అనుకున్నా."

"ఆ."

"పైన ఆగాను కదా. వర్షిచ్ కనుమ మీద, ఆ కొట్టు దగ్గర. నీకూ కలిపి రెండు కాఫీలు చెప్పాను. చల్లారిపోతోందే, ఇది ఇంకా రాదేంటి అని తిట్టుకున్నా కూడా."

"తర్వాత?"

"తర్వాతేముంది. వెనక్కొచ్చాను."

"నా కాఫీ?"

"ఏంటి?"

"నా కాఫీ ఏం చేశావు?"

"ఏడాది కావస్తోంది. ఇప్పుడా కాఫీ గురించి..."

"ఊరికే అడుగుతున్నా."

"తాగాను. చల్లారిపోతోందని. తాగేసి బయల్దేరాను."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. నేను పడ్డచోట గొర్రెలు కాసుకుంటున్న ఆయన కోటు విప్పి నా మీద కప్పాడు. కాలు కదపొద్దన్నాడు. వాళ్ళ గొర్రెకి కాలు విరిగినప్పుడు ఏం చేశాడో అంతా చెప్పాడు, నేను కళ్ళు మూయకుండా."

"మంచివాడు. ఈసారి వెళ్ళినప్పుడు ఆయనకి మనూరి ద్రాక్షసారా ఒక సీసా ఇచ్చొద్దాం."

"ఒక్కదానివే వచ్చావా అమ్మా అని అడిగాడు."

"ఏమన్నావు?"

"అవునన్నాను."

"నొప్పిలో ఏదో అనుంటావు."

"నొప్పి లేదు. అప్పటికింకా మొద్దుబారిపోయి ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది."

"కాలా? డాక్టరు పూర్తిగా నయమైందన్నాడే?"

"కాలు నయమైంది. మొన దిగింది, విన్కో. ఇక ఆపు."

"కోపం ఉంటే తిట్టు. ఏదో ఒకటి విసిరేయి. ఇన్నాళ్ళూ ఒక్క మాటా అనలేదు. చొక్కాలు ఇస్త్రీ చేస్తావు, చారు వడ్డిస్తావు, ఇదిగో, నట్టులు కూడా బిగిస్తున్నావు."

"కోపం ఉందేమోనని వెతికాను. లేదు."

"లేదు కదా. మరైతే జూన్‌లో..."

"బోల్టు వదులు."

"వదిలాను. పలక పెట్టావా?"

"లేదు."

"నట్టు?"

"లేదు. బోల్టు పైకి తోస్తున్నా, అందుకో."

"ఎందుకు? బెజ్జం తప్పిందా?"

"సరిగ్గానే పడింది. ఎడమ పక్కవి కూడా విప్పుతున్నా, అవీ తీసుకో."

"విప్పడమేంటి? ఏయ్, సిల్వా, అవి విప్పేస్తే నా బండి ఎక్కడ కట్టను?"

"మధ్యలో బెజ్జాలు వేయి, ఇరుసుకి కాస్త ముందు. నేను కింద పట్టుకుంటాను."