నానమ్మ దొరికింది

మరణాల రికార్డుల గదిలో అక్కాచెల్లెళ్లు ఒకే కాగితం మీదికి వంగి ఉన్నారు.

"ఏళ్ల తరబడి వెతికినా నాకు దొరకని నానమ్మ, నీకు ఒక్క పూటలో దొరికిందా?"

"నువ్వు తాతయ్య ఇంటిపేరుతో వెతికావక్కా. నేను ఆవిడ పుట్టింటి పేరుతో అడిగాను."

"నీదెప్పుడూ వడ్డించిన విస్తరేలే!"

"తర్వాత తిడుదువుగానీ, ఇది చూడు. టైఫాయిడ్‌తో పోయిందట. అప్పటికి నాన్నకి రెండేళ్లు."

"తనని కన్న పురిట్లోనే పోయిందని నాన్న ఇన్నాళ్లూ కుమిలిపోయాడే!"

"ఫోన్ చేసి చెప్పేస్తా."

"నేను చేస్తా. ఈ ఒక్క మాటైనా నా నోట విననీ."

అక్క వరండాలోకి వెళ్లి మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమన్నాడక్కా?"

"ఏడ్చాడు. తేరుకుని, చిన్నది కనిపెట్టిందా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఇద్దరం కలిసి కనిపెట్టామన్నాను. ఇంటికెళ్లాక నువ్వు నోరు మెదపకు."