కారెక్కిన కరువాసురుడు

బొమ్మలోళ్ళ రుక్మాబాయి కరువాసురుణ్ణి కారులో ఎక్కించుకోని పోయిన కథ తెల్సునా మీకు? తెలీదా? అయితే దగ్గరికి జరగండి. నాయనా, ఆ కాళ్ళు ముడుచుకో, చెల్లెలికి చోటియ్యి. ఊఁ. బొమ్మలోళ్ళంటే ఎవరు? తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు. మేకతోలు గీకి, గీకి, వెలుతురు ఈ పక్కనుంచి ఆ పక్కకు కనపడేంత పల్చగా చేస్తారు, దానికి రంగులేస్తారు, సన్న సన్న కన్నాలు పొడుస్తారు, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. ఆ ఇంటికి కోడలు ఈ రుక్మాబాయి. మొగుడు వెంకోజీ. ఆయప్ప చేతి పని బంగారం అనుకో. నెమలిని గీస్తే అది లేచి కేక పెడుతుందేమో అని పిల్లి దూరం పోయేదంట. వాళ్ళు ధర్మవరం పట్టుచీరల సేటు దగ్గర ఒక పాత కారు కొన్నారు. చిన్నదే, ఆకుపచ్చది. తోలేది ఎవరు? రుక్మాబాయే. వెంకోజీకి ఎందుకియ్యలేదంటే, ఆయప్ప స్టీరింగు పట్టుకుంటే రాగం తీస్తాడు, రాగం తీస్తే కండ్లు మూస్తాడు. ఒకసారి అట్ల కండ్లు మూసి పక్కింటోళ్ళ గడ్డివాములో దూరినాడంట. ఆ దెబ్బకి అత్త తులసాబాయి తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టి, "పాట నువ్వు పాడరా, బండి అది తోలుతుంది" అని తీర్పు చెప్పింది.

సరే, ఇప్పుడు చెప్పండి. మనింటికి కొత్త వస్తువు వస్తే మనమేం చేస్తాం? ఫ్రిజ్జుకి గుడ్డ కప్పుతాం. రిమోటుకి ప్లాస్టిక్కు తొడుగుతాం. లోపలి వస్తువు ఎట్లుంటుందో మనమే మర్చిపోతాం. మరి తోలు పని చేసే ఇంటికి కారొస్తే? వెంకోజీ ఏం చేసినాడంటే, మంచి మంచి తోళ్ళు ఏరి, ఆ కారుకి లోపలంతా తోలు కట్టేసినాడు. సీట్లకు తోలు, తలుపులకు తోలు, స్టీరింగు ముందర ఉండే బల్లకు తోలు. వెనక సీటుకైతే ఒకే పెద్ద తోలు, దాని మీద జంట నెమళ్ళు, చుట్టూ మామిడి పిందెలు. ఎక్కడా అతుకు లేదు, సందు లేదు, సూది దూరే చోటు లేదు. చూసినోళ్ళంతా "ఇది కారా, పెండ్లి పల్లకీనా!" అని ముక్కున వేలేసుకున్నారు. వెంకోజీ మీసం దువ్వుకున్నాడు. ఒక్క తులసాబాయి మాత్రం వెనక కూర్చున్నప్పుడల్లా, "ఒరే, నీ నెమలి బాగుంది గానీ దాని ముక్కు నా భుజంలో గుచ్చుకుంటాంది. యాడో ముడేసి ఇడిసిపెట్టినావు" అని గొణిగేది. వెంకోజీకి రోషం. "నా కుట్టులో ముడా! నీ ఎముకలే గుచ్చుకుంటాన్నాయి లేమ్మా" అనేవాడు. అంతటితో ఆ మాట అక్కడికి ఆగిపోయేది.

ఇంక అసలు సంగతికొస్తా. రాళ్ళవంకపల్లి అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో వానలకు ముందర ఏటేటా బొమ్మలాట ఆడించాల్సిందే. ఏం ఆట? కరువాసురుడి ఆట. కరువాసురుడనే రాక్షసుడు వచ్చి బావులు తాగేస్తాడు, చెరువులు తాగేస్తాడు, ఆఖరికి పిల్లోల్ల కంటినీళ్ళు కూడా తాగేస్తాడు. అప్పుడు వానమ్మ వచ్చి వాణ్ణి తడిపి, నానబెట్టి, అప్పడం మాదిరి మెత్తబెట్టి చంపుతుంది. వెంకోజీ తాతలనాటినుంచి ఆ ఊళ్ళో ఆడే హక్కు వాళ్ళదే. అయితే ఆ ఏడు ఏమైందంటే, జయచంద్ర అని ఆ ఊరి పిల్లోడు ఒకడు, మీసమొచ్చినోడే లే, "ఇంకా ఎన్నాళ్ళు ఈ తోలు ముక్కలు? ఆర్కెస్ట్రా పెట్టిద్దాం" అని కుర్రోళ్ళందర్నీ ఎగదోసినాడు. ఊరికి పెద్దామె ఓబులమ్మవ్వ. ఆమె చూసింది, చూసింది, ఇటు కాదనలేక అటు కాదనలేక ఒక మాట చెప్పింది: "దీపాలు పెట్టే యాలకి బొమ్మలు ఊళ్ళోకి వస్తే ఆట బొమ్మలోళ్ళది. రాకుంటే అరుగు ఆర్కెస్ట్రాకి ఇచ్చేస్తాం. ఈ ఏడే కాదు, ఇంక ఎప్పటికీ." అర్థమైందా? ఆ పొద్దు ఆలస్యమైతే తాతలనాటి ఊరు పోయినట్టే.

పోదాం అని అన్నీ సర్దుకున్నారు. మరిది తెర గుడ్డా, గుంజలూ తీసుకోని ముందే మోటర్ సైకిల్ మీద పోయినాడు. బొమ్మలు తీస్కపోయే టెంపో మాత్రం రాలేదు. దారిలోనే ఇంజను పొగ కక్కి కూలబడిందని కబురొచ్చింది. పొద్దు అప్పటికే పడమటికి వాలింది. ఇంకేముంది, ఉన్నది కారు. చిన్న బొమ్మలు చుట్టూ పక్కలా దోపినారు. కరువాసురుడు పట్టలేదు. వాడు మనిషికంటే పెద్దోడు కదా! తల తలుపులోనుంచి పెడితే కాళ్ళు బయట. కాళ్ళు డిక్కీలో పెడితే తల బయట. వెంకోజీ విసుక్కోని మోకాళ్ళ కాడ కొంచెం వంచబోయినాడు. తులసాబాయి కేకేసింది: "ఒరే! మీ తాత చేతి బొమ్మరా అది! పాత తోలును వంచుతావా?" ఎందుకు వంచకూడదు? ఎండిన అప్పడాన్ని మడిచి చూడండి. ఏమవుతుంది? ఊఁ, ఇరుగుతుంది. అంతే. పోనీ కారు పైన కట్టేద్దామా అంటే, అంత పల్చని తోలు గాలికి చినిగిపోతుంది. తిప్పినారు, మళ్ళించినారు, పడుకోబెట్టినారు, నిలబెట్టినారు. పట్టలేదు. వెంకోజీ గడప మీద కూలబడి, "పోయింది రుక్మా. తాత నిలబెట్టుకున్న ఊరు నా చేతుల్లో పోయింది" అన్నాడంట.

రుక్మాబాయి వెనక సీట్లోకి దూరి, అత్త ఎప్పుడూ గుచ్చుకుంటాంది అనే చోట చెయ్యి పెట్టింది. బొమ్మలోళ్ళ వేళ్ళంటే ఏమనుకున్నారు? తెర వెనక చీకట్లో, చూడకుండానే, ఇది ఏ బొమ్మ పుల్ల అని తడిమి చెప్తాయి ఆ వేళ్ళు. తడిమింది. ముడి కాదు. గట్టిగా, గుండ్రంగా, బొటనవేలంత. కొంచెం నొక్కితే లోపలికి పోవాలని చూస్తాంది, తోలు పోనీడం లేదు. ఇంకో పక్క భుజం కాడ తడిమితే అక్కడా అట్లాంటిదే ఒకటి. "ఏమయ్యా, ఇట్రా. ఇది నీ కుట్టు కాదు. కారుకే ఏందో ఉండాది లోపల" అంది. "ఏముంటాది? సీటుంటాది." "సీటుకి మీట ఎందుకుంటాది? ఏదో ఒకటి తెరుచుకోడానికే కదా? కత్తి తే." కత్తి అనేసరికి వెంకోజీ లేచి వచ్చి సీటుకి అడ్డం నిలబడినాడు. "నెమళ్ళ మీద కత్తి పెడతావా? ఆర్నెల్లు పట్టిందే నాకు!" "నెమళ్ళు కావాల్నా, ఊరు కావాల్నా?" "లోపల ఏమీ లేకుంటే?" "లేకుంటే నెమలి పోతుంది, ఊరు పోతుంది, నీ చేత పడేటి తిట్లు నాకు మిగుల్తాయి. తే." వెంకోజీ కత్తి తెచ్చినాడు గానీ ఆమెకియ్యలేదు. "పరాయి చేతిలో తెగకూడదు" అని తనే కండ్లు గట్టిగా మూసుకోని, అంచు వెంబడి, ఒక్క ఈక కూడా తెగకుండా కోసినాడు. తోలు తియ్యంగానే చిన్న నల్ల మీట బయటపడింది, అవతలి పక్క ఇంకోటి. రుక్మాబాయి రెండూ ఒకేసారి నొక్కింది. డబ్! వెనక సీటు వీపు మొత్తం ముందుకు బోర్లా పడింది. చూస్తే ఏముంది? డిక్కీ, వెనక సీటు, అంతా కలిసి ఒకటే గది! నట్టిల్లు మాదిరి చదునుగా! "ఓరి నీ తల్లి కడుపు సల్లగుండ!" అని తులసాబాయి ఆ కారునే తిట్టిందో దీవించిందో తెలీలేదు. "ఇంత ఇల్లు లోపల దాచిపెట్టుకోని ఇన్నాళ్ళూ నన్ను ముడుచుకోని కూర్చోమన్నావా!"

కరువాసురుణ్ణి కాళ్ళు వెనకా తల ముందరా పెట్టి పడుకోబెట్టినారు. పట్టినాడు. అప్పుడు తులసాబాయి, "ఆగండి, వానమ్మ యాడ పడుకుంటుంది?" అంది. అమ్మా, అది నిజమే. వాళ్ళింట్లో కరువూ వానా ఒక పెట్టెలో పండవు. కలిపి పెడితే కరువు వానని తాగేస్తుందని నమ్మకం. ఎప్పుడూ రెండు పెట్టెలు. ఇప్పుడేమో మీట నొక్కి ఉన్న రెండు గదుల్ని ఒకటి చేసి కూర్చున్నారు. వెంకోజీ తల పట్టుకున్నాడు, పొద్దేమో దిగిపోతాంది. రుక్మాబాయి కోసి పక్కన పెట్టిన తోలు చూసింది. జంట నెమళ్ళ తోలు, ఇంటి వాకిలంత ఉండాది. "అత్తా, నెమలి వస్తే ఏమొస్తుంది?" "వానొస్తుంది." "అయితే ఇది కప్పుదాం." కరువాసురుడి మీద ఆ తోలు పరిచి, దాని మీద మెల్లిగా వానమ్మని పడుకోబెట్టింది. కింద కరువు, నడుమ నెమలి, పైన వాన. తులసాబాయి ఒక నిమిషం ఆలోచన చేసి, "ఇది పెట్టెకంటే బాగుండాది" అనేసింది. ఇంక ఆయమ్మకి కూర్చునే చోటు లేదు కాబట్టి పక్కింటోళ్ళ బండెక్కి వెనకాలే బయలుదేరింది.

రుక్మాబాయి తోలింది చూడండి! పక్కన వెంకోజీ మద్దెల ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నాడు. వాళ్ళిద్దరి నడుమనుంచి కరువాసురుడి తల ముందుకొచ్చి, గుడ్లురిమి, మీసాలు మెలితిప్పుకోని రోడ్డు చూస్తాన్నాడు. రైలు గేటు పడితే ఆగినప్పుడు గొర్రెలాయప్ప ఒకడు లోపలికి తొంగి చూసి, "అమ్మా, ఆ పెద్దాయనకి ఒంట్లో బాగలేదా? మొగమంతా ఎర్రగుండాది" అన్నాడంట. "దప్పికయింది, తాతా. రాళ్ళవంకపల్లిలో తాగిస్తాం" అంది రుక్మాబాయి. కారు ఊళ్ళోకి పోయేసరికి ఓబులమ్మవ్వ అగ్గిపుల్ల గీసి, దీపం దగ్గరికి తీస్కపోతా ఉండాది. వెలిగించలేదు ఇంకా. కారు ముందరి అద్దంలోనుంచి కరువాసురుణ్ణి చూసి పిల్లోల్లు కేకలు పెడతా పరుగెత్తినారు. అవ్వ నవ్వి దీపం వెలిగించి, "వచ్చినాడు లేరా తాగుబోతోడు! ఆట బొమ్మలోళ్ళది" అంది.

అయిపోయిందనుకుంటాన్నారా? లేదు. జయచంద్ర ఊరుకుంటాడా? పంతం కొద్దీ ఆర్కెస్ట్రా లైట్లూ, గుడిసెలంత స్పీకరు డబ్బాలూ అన్నీ ఒకేసారి వేసినాడు. ఢామ్మని ఊరంతటికీ కరెంటు పోయింది. "నాకూ లేదు, మీకూ లేదు. రేపు చూద్దాం, రేపు అరుగు మాది" అన్నాడు. రుక్మాబాయి కారు తెర వెనక్కి తెచ్చి లైటు వేసింది, మరిది కరువాసురుణ్ణి తెరకు ఆనించి పట్టినాడు. కానీ ఏమైందంటే, వెలుగు కింద పడింది. తెర మీద కరువాసురుడి పాదాలు తప్ప ఇంకేం కనపడలే. "చెప్పుల ఆటనా వదినా ఇది?" అని జయచంద్ర ఎకసెక్కం చేస్తే కుర్రోళ్ళంతా పకపకా నవ్వినారు. నిజానికి ఆ కారు లైట్లు మొదటినుంచీ సిగ్గుపడే పెండ్లికూతురి మాదిరి నేల చూపులే చూసేవి. ఎందుకని? రుక్మాబాయి స్టీరింగు కుడి పక్కన తోలు కింద తడిమింది. అక్కడా ఒక గడ్డ. ఈసారి కత్తి అడగనే లేదు, వెంకోజీయే తీసి చేతికిచ్చినాడు. "కొయ్యి! యాడ గడ్డ తగిల్తే ఆడ కొయ్యి!" కోస్తే చిన్న చక్రం. దాన్ని తిప్పితే లైటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. తోలు బిగించేటప్పుడు అది కిందికి తిరిగి అట్లే ఉండిపోయింది, అదీ సంగతి. ఆమె తిప్పేకొద్దీ వెలుగు లేచింది. కరువాసురుడి మోకాళ్ళు, బొజ్జ, మీసాలు, కోరలు! బల్బు వెలుతుర్లో ఎప్పుడూ చూడనంత ఎత్తున, తెర పట్టక, జనం వెనకనుండే గోడ మీదకీ పాకినాడు. పిల్లోల్లు అవ్వల కొంగుల్లో దూరినారు. వెంకోజీ రాగమెత్తుకున్నాడు, ఈసారి కండ్లు మూసుకున్నా ఎవరికీ భయం లేదు. వానమ్మ వచ్చే ఘట్టానికి ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించే ఆయప్ప ఉండబట్టలేక, కరెంటు అక్కర్లేని తన డ్రమ్ములు తెచ్చి తెర పక్కన ఉరుములు మొదలుపెట్టినాడు. జయచంద్ర వానివైపు గుర్రుగా చూసినాడు గానీ, కరువాసురుడు కూలినప్పుడు అందరికంటే ముందు ఈల వేసింది వాడే.

ఆట అయినాక తాంబూలం ఇయ్యాలి కదా. తాతలనాటినుంచి అది పాట పాడినాయనకే ఇచ్చేది. ఓబులమ్మవ్వ పళ్ళెం పట్టుకోని వెంకోజీని దాటిపోయి కారు కాడికి నడిచి, స్టీరింగు ముందర కూర్చున్న రుక్మాబాయి చేతిలో పెట్టింది. "వచ్చే ఏడూ మీదే, ఆపై ఏడూ మీదే. నువ్వు తోలినన్నాళ్ళూ మీదే పాపా" అంది. వెంకోజీ తన ఊరికి తిరిగి పోయినాక ఆ కారులో తోలంతా ఊడదీసినాడంట. సీటు కింద ఒక సొరుగు, తలుపులో గొడుగు పెట్టే గొట్టం, ఇంకా ఏవేవో బయటపడినాయి. సొరుగు తులసాబాయి వక్కాకు సంచికి పోయింది. మళ్ళీ తోలు కట్టినాడు, అయితే ఈసారి మీట ఉన్నచోటల్లా ఒక కిటికీ పెట్టి.

వానా? ఆ పొద్దు వాన పడిందా అంటే, అబద్ధం ఎందుకు చెప్పాల, పడలేదు. మబ్బులకి మాత్రం ఆట చూడాలని ఉండదా? అయిపోయేదాకా పైన్నే ఆగినాయి, తరువాత తీరిగ్గా వచ్చినాయి. లేవండి ఇంక, పండుకోండి. విత్తనానికి శెనక్కాయలు ఒలిచేది సగంలో ఇడిసిపెట్టి వచ్చినా, చాటలో అట్లే ఉండాయి. నేను పోతా.