బండికీ రూకే, బుట్టకీ రూకే

తవుడమ్మకి అన్యాయం జరిగింది మాఘమాసంలో, రథసప్తమి వెళ్ళిన మర్నాడు. సముద్రం ఒడ్డున చేపలెండబెట్టుకునే మనిషి ఆవిడ. మొగుడు లేడు, వలా లేదు, ఉన్నదల్లా ఒక బుట్టా, దాన్ని మొయ్యడానికి ఒక తలా. ఆ పొద్దు ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుని పులికనుమ ఎక్కిందంట. కనుమకి కింద వైపు సముద్రం దొర, పైవైపు కొండ దొర. కొండ దొర పెళ్ళాం సముద్రం దొరకి సొంత చెల్లెలే అనుకో, అయినా ఎవరి చౌకీ వాళ్ళదే. కింది చౌకీలో జోగినాయుడని సుంకం వసూలు చేసేవాడు. బండికి ఒక రూక, బుట్టకి ఒక రూక, ఇదీ వాడి లెక్క. నవ్వకండి, వినండి. షావుకారు బండిలో నూరు బుట్టల సరుకున్నా రూకే, తవుడమ్మ నెత్తిమీద ఒక్క బుట్టకీ రూకే. రూక అంటే ఆ కాలంలో ఒక ఇంటికి మూడ్రోజుల తిండి. ఇప్పుడు లేదు బాబూ, అమ్ముకుని తిరుగుదారిలో ఇస్తాను అందంట. అయితే సరుకు దించు అని సగం బుట్ట వాడు దింపించుకున్నాడు. మిగతా సగం పై చౌకీవాడు దింపించుకున్నాడు. కొండమీద సంతకి ఆవిడ చేరేసరికి బుట్టకి చేప వాసన మిగిలింది, అంతే.

ఆవిడ కంటే ముందు ఇలా పోగొట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళంతా ఏం చేసేవాళ్ళంటే, కనుమ ఎక్కడం మానేసి, కిందే షావుకారు గుమ్మంలో నిలబడి వాడు చెప్పిన ధరకి పోసేసి వచ్చేవాళ్ళు. పైన పసుపు పండించే ఆడవాళ్ళదీ అదే గతి. రేపట్నించి తవుడమ్మా ఆ గుమ్మంలోనే నిలబడాలి. ఎండలో వీపు కాల్చుకుని ఎండబెట్టింది తను, ధర మాత్రం నీడలో కూచున్న వాడి నోట్లోంచి రావాలి. అదీ ఆవిడకి మింగుడుపడని సంగతి.

తవుడమ్మకి చిన్నప్పట్నించీ ఒక జబ్బుంది, ఆరా. మర్నాడు పొద్దున్నే వచ్చి చౌకీ ఎదురుగా రాయి మీద కూచుందంట. ఏమిటే ఇక్కడ అన్నాడు జోగినాయుడు. కాలు నొప్పి బాబూ అంది. మూడు రోజులుందా నొప్పి. సుంకం కట్టకుండా ఏమేం దాటుతున్నాయా అని కళ్ళు మాత్రం చౌకీ మీదే. దేవుడి పల్లకీ దాటింది, సుంకం లేదు. పాడె దాటింది, లేదు. మూడోనాడు ఏమైందంటే, ఎవరో ఆడపిల్లకి పుట్టింటి సారె వచ్చింది. నాలుగు బుట్టలు, పైన పసుపు గుడ్డ, గుడ్డ కొసకి పసుపుకొమ్ము ముడి. జోగినాయుడు లేచి, చెప్పులు విడిచి, పక్కకి తప్పుకున్నాడంట. గుడ్డ ఎత్తి చూడను కూడా చూళ్ళేదు. ఎందుకు బాబూ చూళ్ళేదు అంది తవుడమ్మ. ఆడపిల్ల సారె మీద చెయ్యేస్తే ఇల్లు గుల్లయిపోద్ది, ఆమాత్రం తెలీదా అన్నాడు. తెలీదు బాబూ, ఇప్పుడు తెలిసింది, అని లేచి చకచకా కొండెక్కేసిందంట. నొప్పి ఏమైందో మరి.

పైన సుక్కురి అని పసుపు తవ్వుకునే ఆవిడుంది. ఆవిణ్ణి పట్టుకుని, నీకు సముద్రం దిక్కున పుట్టిల్లుందా అందంట. నాకు ఈ కొండ తప్ప ఏ దిక్కూ లేదమ్మా అంది సుక్కురి. నాకు మాత్రం కొండమీద ఎవరున్నారు, రా నేస్తం కట్టుకుందాం అంది తవుడమ్మ. మా వైపు నేస్తం కట్టుకోవడమంటే ఆటకాదు తెలుసా. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవకూడదు. వాళ్ళింట్లో చావైతే వీళ్ళు తలంటుకోవాలి, పండగైతే సారె పెట్టాలి. ఇంక చూస్కో. నేస్తమా నీ సారె అని ఈవిడ ఎండుచేపలు పట్టుకెళ్ళడం, నేస్తమా నీ సారె అని ఆవిడ పసుపు పట్టుకురావడం. చూసి పక్కావిడ కట్టింది, పక్కావిడ పక్కావిడా కట్టింది. ఉగాదికల్లా నలభై జతలు. జోగినాయుడు రోజుకి నలభైసార్లు చెప్పులు విడిచి తొడుక్కోలేక, చెప్పులే మానేశాడంట.

షావుకారుకి కడుపు మండి జోగినాయుణ్ణి వెంటబెట్టుకుని సముద్రం దొర దగ్గరికెళ్ళాడు. దొర తవుడమ్మని పిలిపించాడు. రోజూ సారేంటే అన్నాడు. మా నేస్తాలు ఎక్కువ బాబూ. సారెలో ఎండుచేపలేంటే. మా ఇసకలో అరిసెలు పండవు బాబూ. దొరకి నవ్వొచ్చింది గానీ షావుకారు పక్కనే ఉన్నాడు కదా, నవ్వలేదు. ఇక మీదట సారె బుట్టకైనా రూక కట్టాల్సిందే అన్నాడు. ఎవరి సారెకైనానా బాబూ అంది తవుడమ్మ. ఎవరిదైనా సరే అన్నాడు. ఆ ముక్క కాగితం మీద రాయించండి బాబూ, మావాళ్ళు నా నోటిమాట నమ్మరు, అంది. రాయించాడు పాపం. ఆ రోజు నుంచి నేస్తాలెవరూ కనుమకి బుట్ట ఎత్తలేదు.

వైశాఖంలో కొండ దొర పెళ్ళానికి, అదే చంద్రామణికి, కొడుకు ఉయ్యాల పండగ. పుట్టింటి నుంచి, అంటే సముద్రం దొర దివాణం నుంచి, ఇరవయ్యొక్క బుట్టల సారె వెళ్ళాలి. సారె బండెక్కకూడదు, ఆడవాళ్ళ నెత్తిమీదే వెళ్ళాలి. మొయ్యడానికి ఎవరొచ్చారనుకున్నారు, తవుడమ్మా, ఇంకో ఇరవై మంది చేపలోళ్ళూ. చౌకీ దగ్గరకొచ్చి బుట్టలు దింపి కూచున్నారు. దాటండమ్మా దాటండి అన్నాడు జోగినాయుడు. ఎలా దాటతాం బాబూ, ఎవరిదైనా అని కాగితంలో ఉంది, రేపు దొర అడిగితే పొయ్యేది నీ తలకాయే అంది తవుడమ్మ. వాడు పుస్తకం తెరిచి చెయ్యి చాపాడు. వెంటొచ్చిన దివాణం బంట్రోతు దారిఖర్చు సంచిలోంచి బుట్టకో రూక తీసి కట్టాడు. సంచి ఖాళీ. పై చౌకీవాడు తన సుంకం తనకి కావాలన్నాడు. ఇది మీ దొరసాని సారెరా అన్నాడు బంట్రోతు. పుట్టింటోళ్ళే సుంకం పట్టిన సారెకి అత్తింటోళ్ళకి పట్టింపేంటి అని వాడు ప్రతి బుట్టలోనూ సగం దింపించుకున్నాడు.

చంద్రామణి బుట్టలు చూసి, మా పుట్టింట కరువొచ్చిందా అందంట. కరువు కాదమ్మా, కాగితం అంది తవుడమ్మ, జరిగిందంతా చెప్పింది. నీకెంత పోయిందే అంది ఆవిడ. ఒక బుట్టమ్మా. నాకు పదిన్నర, అంది ఆవిడ. అని వెళ్ళి తలుపేసుకుంది. మూడు పూటలు అన్నం ముట్టలేదు. నాలుగో పూట కొండ దొర పై చౌకీలో ఆడవాళ్ళ బుట్టలకి సుంకం ఎత్తేశాడు. ఆ సగం బుట్టల్ని ఆవిడ గుడ్డ కూడా కప్పకుండా అన్నకి తిప్పి పంపింది. సముద్రం దొర బుట్టలోకి చూశాడు, బంట్రోతుని అడిగాడు, బండికీ రూకే బుట్టకీ రూకేనా అన్నాడంట. ఆయనకి ఆరోజే తెలిసినట్టు. కాగితం చింపేసి ఆయనా ఎత్తేశాడు.

ఇప్పుడు షావుకారే వచ్చి తవుడమ్మ గుమ్మంలో నిలబడతాడు. ఈవిడ ధర చెప్తుంది, వాడు వింటాడు. నేస్తాలు మాత్రం నేస్తాలుగానే ఉన్నారు, పని తీరిందని వదిలెయ్యడానికి వాళ్ళేమన్నా దొరలా. మన బుట్టలు ఎన్ని ఖాళీ అయినా కనపడనిది, దొరగారికి చెల్లెలి బుట్ట సగమైతే కనపడింది. అదీ ఒక చూపేలెండి. జోగినాయుడి పుస్తకంలో సారె మీద సుంకం అని ఒక్కసారే రాసుందంట: వైశాఖ శుద్ధ దశమి, గురువారం, ఇరవయ్యొక్క రూకలు.