పసుపు రాసిన మోడెం

"మోడెం మార్చడం కూడా ఒక పనేటర్రా? బల్బు మార్చినట్టు మార్చీసేను ఇయ్యాల పొద్దున్న!" అన్నాడు త్రినాధరావు, కాసులమ్మ టీ బడ్డీ ముందు బల్ల మీద చతికిలబడుతూ.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆయన కోతలు విననివాడు లేడు, నమ్మినవాడూ లేడు. కానీ ఆ మధ్యాహ్నం మనిషి మనిషిలా లేడు. చేతిలో టీ చల్లారిపోతున్నా తాగడం లేదు. ఫోన్ రెండుసార్లు మోగితే ఎత్తకుండా బోర్లా పెట్టేశాడు. పక్కన కూర్చున్న అప్పలరాజుని మాత్రం ఊరికే టైమడుగుతున్నాడు.

"రెండవుతోంది మామా. మోడెం మార్చేవు సరే, ఇక్కడికొచ్చి కూకున్నావేటి?"

"మీటింగుకి అడ్డమెందుకని వచ్చేనొరే. మా కోడలు సుమశ్రీ ఇంట్లోంచే కంపెనీ ఉద్యోగం సేత్తాది కదా, ఇయ్యాల రెండింటికి మేనేజరు ఈడియోలో సూసి, ఉద్యోగం పర్మినెంటో, లేపోతే ఇంటికి పొమ్మనడమో తేల్చీత్తాడట. మాకవరపాలెంలో పెళ్ళి మాటలప్పుడు ఆళ్ళ నాన్నకి మాటిచ్చింది నానే, 'బావగారూ, మీ పిల్ల ఉద్యోగానికి మా ఇంట్లో లోటు రాదు, పూచీ నాది' అని. నా నోట్లోంచి సానా మాటలొచ్చేయి గాని, నిలబెట్టుకోవాలని సెప్పింది అదొక్కటేనర్రా. మరి సూత్తే ఇంటిచుట్టూ బెల్లం గోడౌన్లు, ఫోన్లో మాటొత్తాది గాని నెట్టు రాదు, ఉన్నదల్లా ఆ కేబుల్ నెట్టే. ఆ పాత మోడెమా, మనిషి ఇయ్యాల నోరు తెరిత్తే మాట మర్నాడొచ్చేది! కేబులాయన్ని రమ్మంటే రేపొత్తానన్నాడు. 'ఇయ్యాలకి ఇది సాలు మామయ్యగారూ, ముట్టుకోకండి' అంది కోడలు. సిన్నపిల్ల, దానికేటి తెల్సు? నాను బజారుకెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి, అది తానానికెళ్ళినప్పుడు పాతది పీకి గుమ్మం పక్కన పారేసి, కొత్తది తగిలించీసేను. కళ్ళు మూసుకుని తగిలించేనొరే!"

"కళ్ళు మూసుకునే తగిలించినట్టున్నావు బావు" అంది కాసులమ్మ పాలు కలుపుతూ.

"నువ్వుండు కాసులమ్మా. కొత్త మిషను ఇంట్లోకొత్తే ఊరికే వాడేత్తామేటి? నూకాలమ్మ తల్లిని తల్సుకుని, పసుపు తడిపి దాని ఒళ్ళంతా రాసి, కింద, మీద, పక్కల కుంకం బొట్లెట్టి, నిమ్మకాయ కోసి, అప్పుడు స్విచ్చేసేను. దీపాలన్నీ ఎలిగేయి. ఒక్కటి మాత్రం ఎర్రగా సూత్తంది. నెట్టు కంపెనీకి ఫోన్ సేత్తే ఓ ఆడగుంట ఎత్తి, 'సార్, యాక్టివేట్ చెయ్యాలంటే మోడెం అడుగున స్టిక్కరు మీద నెంబరు చదవండి' అంది. తిరగేసి సూద్దును కదా, నెంబరు మీద పసుపు! తడిగుడ్డెట్టి తుడిత్తే పసుపుతోపాటు అంకెలు కూడా గుడ్డకే వచ్చీసేయి!"

"అయ్యో, మరేటి సేసేవు?"

"ఏటి సేత్తాను? నెంబరు నా బుర్రలోంచి తీసి సెప్పీసేను! బెల్లం దిమ్మని సూసి బరువు సెప్పే మనిషిని, ఆమాత్రం అంకెలు సెప్పలేనా? ఆ గుంట టకటకా కొట్టుకుని, 'యాక్టివేట్ అయిపోయింది సార్, కంగ్రాచులేషన్స్' అంది. ఆ తరవాత ఏటైందో తెల్సా? నెట్టు మా ఇంటికి రాలేదొరే, పూడిమడకలో సముద్రం మీదున్న పడవకెళ్ళిపోనాది! ఆళ్ళు వల ఎయ్యనేలేదు, చేపలే ఫోన్లో దారి సూసుకుంటా వచ్చి పడవెక్కీసేయి. ఎండబెట్టడానికి ఒడ్డున ఇసక సాల్లేదంటే నమ్ము!"

"చేపకి ఫోనెక్కడిది మామా?"

"మింగిందొరే! పడవల్లోంచి ఎన్ని ఫోన్లు నీళ్ళలో పడతన్నాయో నీకేటి తెల్సు? సరే, ఇది కాదని రెండో నెంబరు సెప్పేను. అది ఎళ్ళి మాడుగుల్లో హల్వా కొట్టులో తగిలింది. నెట్టు సెగకి బాణలిలో హల్వా దానంతటదే ఉడికిపోయి, ఆ వాసన ఈడియో కాల్లోంచి అవతలికి ఎళ్ళిపోయి, ఇశాపట్నంలో ఫోనెత్తినోడల్లా మూతి నాక్కున్నాడు. టైమెంతయిందిరా?"

"రెండుంపావు."

త్రినాధరావు చూడకుండా గ్లాసు బల్ల మీద పెట్టబోయాడు. టీ పంచె మీద ఒలికినా తుడుచుకోలేదు. ఈపాటికి మీటింగు సగమై ఉంటుంది, లేదా మొదలే కాకుండా ఉంటుంది. ఫోన్ మళ్ళీ మోగింది. దాని మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాడు, నోరు నొక్కినట్టు.

"ఎత్తరాదేటి బావు?" అంది కాసులమ్మ.

"తరవాత ఎత్తుతాను. ఎక్కడున్నాను నాను?"

"మాడుగుల్లో ఉన్నావు."

"ఆఁ. మూడో నెంబరు! మూడోది సెప్పీసరికి ఆకాశంలో తిరుగుతున్న ఉపగ్రహం ఉంది సూడు, అది టక్కుమని ఆగిపోనాది, సరిగ్గా మా డాబా మీద! మా నీళ్ళ టాంకీ మీద దాని నీడ పడింది. వెంటనే ఢిల్లీ నించి ఫోను. 'త్రినాధరావుగారూ, మీకు దణ్ణం పెడతాం, మీ మోడెం కట్టెయ్యండి, మీ నెట్టు లాగుడికి మా ఉపగ్రహం కిందికి దిగిపోతంది' అని ఒకటే ఏడుపు. 'ఉండండి బాబూ, మా కోడలి మీటింగు అవ్వాలి, అయ్యేక నానే ఒగ్గేత్తాను' అన్నాను. అయినా అది తప్పించుకు పోతాదేమోనని బెల్లం లారీకి కట్టే మోకు తెచ్చి, డాబా ఎక్కి, ఒక్క ఇసురు ఇసిరి, దాని కాలికి ముడేసి టాంకీకి కట్టీసేను! ఇప్పుడు ఎళ్ళి సూడండి, అక్కడే ఉంటాది, దూడ గుంజకి కట్టినట్టు. పెపంచకంలో నెట్టంతా మా ఇంట్లోనే ఉంది. కోడలి మీటింగు ఎందుకు పోద్ది? పోదు. పోదంతే. పోతాదంటావేటి అప్పలరాజూ?"

"నాకేటి తెల్సు మామా. నువ్వే కదా సెప్తన్నావు."

అప్పటికి ఆయన పక్కింటి నానాజీ వచ్చి, బండి స్టాండు వేసి, వెనక నిలబడి ఆఖరి ముక్కలు వింటున్నాడు.

"బావా, ఫోన్ సేత్తే ఎత్తవేటి? సుమశ్రీ పొద్దుట్నించి వెతుకుతోంది, నిన్ను తీసుకురమ్మంది."

త్రినాధరావు వెనక్కి తిరగలేదు.

"మీటింగు పోనాదా?" అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఎందుకు పోద్ది? ముందుగానే పిలిచేరట, ఇప్పుడే అయింది. పర్మినెంటు సేసేరు."

"ఎక్కడ సేసింది? ఎవరింట్లో కూకుంది పాపం?"

"మీ ఇంట్లోనే."

"అబద్దం!" అని ఒక్కసారిగా లేచాడు. "మా ఇంట్లో నెట్టెక్కడిదొరే? నాను సెప్పిన నెంబర్లు ఒక్కటీ పన్జెయ్యలేదు, సెప్పినప్పుడల్లా 'తప్పు నెంబరు సార్' అంది ఆ గుంట, ఆఖరికి ఫోనెట్టీసింది. ఎర్రదీపం ఎర్రగానే ఉంది. కోడలి మొహం సూళ్ళేక పారిపోయొచ్చేను. నూకాలమ్మ తోడు, నిజం సెప్తన్నాను!"

బడ్డీ దగ్గర ఎవరూ నవ్వలేదు. త్రినాధరావు నోట నిజం రావడం వాళ్ళకి కొత్త.

"కొత్తదాని జోలికే పోలేదు బావా. గుమ్మం పక్కనున్న పాత మోడెం తెచ్చి మళ్ళీ తగిలించుకుంది."

"పాతదా?" అన్నాడు త్రినాధరావు కళ్ళు తుడుచుకుంటూ. "అది పన్జేత్తందేటి?"

"పన్జేసేదాన్నే కదా బావా నువ్వు పీకీసేవు."