ప్లగ్గు పట్టుకున్న చెయ్యి

ధర్మవరం పట్టుచీరల కొట్లో, ప్రింటరు లోపలి బుల్లి స్విచ్చులు మార్చడానికి మెకానిక్కు మూత విప్పాడు. కొట్టు యజమానురాలు ప్లగ్గు పీకి పిడికిట్లో పట్టుకుంది.

“ప్లగ్గు ఎందుకమ్మా పట్టుకోనుండావు?”

“పొద్దున ఒకాయన చెప్పిపోయినాడప్పా. స్విచ్చులు మార్చేదాకా వదలొద్దన్నాడు.”

అది మెకానిక్కుకు పని నేర్పిన గురువు ఎప్పుడూ చెప్పే మాట.

“ఎట్లుండాడమ్మా ఆయన?”

“కుడిచేతి వేళ్లు నల్లగా కాలిపోయుండాయి.”

“మా గురువుకు అట్లే కాలినాయి. కరెంటు కొట్టి చచ్చిపోయి ఏడాదాయెనమ్మా!”

“ఏమోనప్పా. ఆ పొద్దు ఆయన చెయ్యి లోపల ఉండంగానే, శిష్యుడు ప్లగ్గు పెట్టేసినాడంట.”

మెకానిక్కు ప్రింటరులోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఈ పొద్దు ఆ శిష్యుడే వస్తాడు, వాని చెయ్యి కాలకుండా చూడమ్మా అన్నాడు.”